కంటి చిల్లుకు జిగురు చుక్క!

నీటికాసులకు ఆపరేషన్ అంటే కంట్లో కావాలని ఓ సన్నటి దారి తెరవడం. ఆ దారి మూసుకుపోకూడదు. కానీ దానిమీద ఉన్న పైపొర నుంచి మాత్రం నీరు చుక్క కూడా బయటికి రాకూడదు. వస్తే... చూపు మీదికే వస్తుంది. అలాంటప్పుడు కంటి వైద్యులకు అక్కరకొచ్చే సాధనాల్లో ఒకటి, ఆవగింజంత జిగురు!

ఉక్కు కర్మాగారంలో ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరైన ఓ పెద్దాయన్ని ఊహించుకోండి. గాజువాకలో సొంతిల్లు. నీటికాసులకు ఆపరేషన్ జరిగి నాలుగేళ్లయింది. కంటి ప్రెషర్ అదుపులోనే ఉంది. చుక్కల మందులు వేసుకోవాల్సిన అవసరమూ లేకుండా పోయింది. దాంతో డాక్టరు దగ్గరికి వెళ్లడం కూడా తగ్గిపోయింది. ఓరోజు పొద్దున్నే లేచేసరికి దిండుకు ఒక పక్క తడి.

'ఏంటండీ, కన్ను కారుతోందా?' అడిగింది భార్య.

'ఏదో పడ్డట్టుందిలే. ఈ దుమ్ముకి మామూలేగా' అన్నారాయన. తువ్వాలు కొసతో కన్ను తుడుచుకుని పేపరు తిరగేయడం మొదలెట్టారు. నొప్పి లేదు. ఎరుపు లేదు. అక్షరాలు కాస్త మసగ్గా ఉన్నాయంతే!

ఈ పెద్దాయన కల్పితమే. కానీ ఆ తడి నిజం. నీటికాసుల ఆపరేషన్ చేయించుకున్న కొందరికి వారాల్లోనో, ఏళ్ల తర్వాతో ఎదురయ్యే సమస్యే అది. తుడుచుకుంటున్నది కన్నీరేనని వాళ్లు అనుకుంటారు. అది కన్నీరు కాకపోవచ్చు. కంటి లోపల ఉండాల్సిన నీరు కావచ్చు!

లోపలి నీరు... లోపలి లెక్క

మన కంట్లో రెండు రకాల నీళ్లుంటాయి. ఒకటి బయటి కన్నీరు. ఏడ్చినా, ఉల్లిపాయ తరిగినా వచ్చేది ఇదే. రెండోది నల్లగుడ్డుకీ, కంటి కటకానికీ మధ్య ఉండే స్వచ్ఛమైన ద్రవం. దాన్ని వైద్యులు ఆక్వియస్ హ్యూమర్ అంటారు. మొత్తం కలిపినా పావు మిల్లీలీటరు ఉంటుందేమో. కంటి లోపలి గ్రంథిలాంటి కణజాలం దీన్ని నిమిషానికి సుమారు రెండు, రెండున్నర మైక్రోలీటర్ల చొప్పున తయారుచేస్తూనే ఉంటుంది. పాతది ఓ జల్లెడలాంటి మార్గం గుండా బయటికెళ్లి రక్తంలో కలిసిపోతుంది. అంటే గంటన్నర, రెండు గంటల్లో లోపలి నీరంతా మారిపోతుందన్నమాట. కొళాయి తిప్పి ఉంచి, తూము తెరిచి ఉంచిన తొట్టిలాంటిది మన కన్ను.

ఆ తూము పూడుకుపోతే? నీరు నిలిచిపోయి ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా కంటి ఒత్తిడి 10 నుంచి 21 పాదరస మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అది మితిమీరితే వెనకున్న దృష్టినాడి మెల్లమెల్లగా దెబ్బతింటుంది. ఇదే నీటికాసులు... గ్లాకోమా. కొందరికి ఒత్తిడి మామూలుగా ఉన్నా నాడి దెబ్బతినొచ్చు. ఇందులో పోయిన చూపు తిరిగిరాదు. శుక్లంలాగా ఆపరేషన్ చేసి తెచ్చుకోలేం. ఉన్నదాన్ని కాపాడుకోవడమే!

పైగా ఇది చెప్పాపెట్టకుండా వచ్చే జబ్బు. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్యసంస్థ 1996 నుంచి 2000 వరకూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా పరీక్షించి ఓ పెద్ద అధ్యయనం చేసింది. అందులో హైదరాబాద్ నగరంలో నలభై దాటిన ప్రతి వందమందిలో రెండు నుంచి ముగ్గురికి సాధారణ రకం నీటికాసులున్నట్టు తేలింది. అసలు విషయం అది కాదు. వాళ్లలో పదింట తొమ్మిది మందికి పైగా తమకా జబ్బు ఉందన్న సంగతే తెలీదు! దేశం మొత్తమ్మీద నలభై దాటినవారిలో కోటీ పన్నెండు లక్షల మంది గ్లాకోమాతో బాధపడుతున్నారని 2010లో ప్రచురితమైన ఓ అంచనా.

కావాలనే తెరిచే దారి

నీటికాసులకు మొదట చుక్కల మందులు ఇస్తారు. కొందరికి లేజర్ చేస్తారు. వాటికి లొంగకపోతే ఆపరేషన్. అందులో ఎక్కువమందికి తెలిసింది ట్రాబెక్యులెక్టమీ. పేరు నోరు తిరగదు కానీ పని తేలిగ్గానే అర్థమవుతుంది. తూము పూడుకుపోయింది కాబట్టి పక్కన ఇంకో తూము పెట్టడం! పై రెప్ప చాటున తెల్లగుడ్డులో చిన్న తలుపులాంటిది కోసి, దాని కింద నుంచి లోపలి నీరు రావడానికి దారి చేస్తారు. ఆ తలుపును కుట్లతో సగం బిగించి, మీద కంటి పైపొరను మళ్లీ కప్పి కుట్టేస్తారు. లోపలి నీరు ఆ దారెంట వచ్చి పైపొర కింద చేరుతుంది. అక్కడ చిన్న బుడగలా ఉబ్బుతుంది. దీన్నే బ్లెబ్ అంటారు. ఆ బుడగలోంచి నీరు నెమ్మదిగా చుట్టూ ఉన్న కణజాలంలోకి ఇంకిపోతుంది. ఒత్తిడి తగ్గుతుంది.

ఈ పద్ధతిని 1968లో ఇంగ్లండ్‌కు చెందిన జాన్ కెయిర్న్స్ అనే కంటి వైద్యుడు ప్రపంచానికి పరిచయం చేశారు. అంతకుముందు చేసే ఆపరేషన్లలో నీటి ప్రవాహానికి అడ్డూఆపూ ఉండేది కాదు. కన్ను ఒక్కసారిగా చప్పబడిపోయేది. కెయిర్న్స్ పెట్టిన తలుపు దాన్ని అదుపులోకి తెచ్చింది.

అయితే ఇక్కడో చిక్కు ఉంది. ఒంటి మీద ఎక్కడ గాయమైనా దాన్ని మాన్పడం శరీరం స్వభావం. డాక్టరు కష్టపడి తెరిచిన దారిని కూడా గాయమనుకుని మూసేయాలని చూస్తుంది! అందుకే 1980ల నుంచి ఆపరేషన్ సమయంలో మైటోమైసిన్-సి లాంటి మందుల్ని వాడటం మొదలైంది. అసలివి క్యాన్సర్‌కు వాడే మందులు. దూదిలాంటి చిన్న స్పాంజిని ఆ మందులో తడిపి రెండు మూడు నిమిషాలు ఆ చోట ఉంచి, శుభ్రంగా కడిగేస్తారు. మచ్చకట్టే కణాలు పెరగవు. దారి తెరిచే ఉంటుంది. ఆపరేషన్లు విజయవంతమవడం పెరిగింది. కానీ దేనికైనా మూల్యం ఉంటుంది కదా! కొందరిలో ఆ బుడగ మీది పొర ఏళ్లు గడిచేకొద్దీ పలచబడుతుంది. రక్తనాళాలు లేకుండా తెల్లగా, ఉల్లిపొరలా తయారవుతుంది. ఏదో ఒకరోజు అక్కడ సూదిమొనంత చిల్లు పడుతుంది.

చిన్న చిల్లే... పెద్ద ముప్పు

లీకు రెండు రకాలు. మొదటిది ఆపరేషన్ జరిగిన తొలిరోజుల్లో వచ్చేది. కుట్టు సరిగా అతుక్కోకపోయినా, పొరలో సూది పడ్డచోట సందు మిగిలినా ఇలా జరుగుతుంది. ఆ రోజుల్లో రోగి ఎలాగూ తరచూ డాక్టరు దగ్గరికి వెళ్తుంటాడు కాబట్టి చాలావరకూ దొరికిపోతుంది. రెండోదే ప్రమాదకరం. నెలలు, ఏళ్ల తర్వాత చడీచప్పుడు లేకుండా మొదలవుతుంది. మన పెద్దాయన కథ ఇదే.

నీరు కారితే ఏమవుతుంది? రెండు నష్టాలు. ఒకటి, గాలి తగ్గిన బంతిలా కన్ను మెత్తబడుతుంది. ఒత్తిడి అయిదారు మిల్లీమీటర్ల కిందికి పడిపోతుంది. నల్లగుడ్డు వెనకున్న ఖాళీ తగ్గిపోతుంది. కంటి వెనక పొరలు ఉబ్బొచ్చు. రెటీనా మీద ముడతలు పడొచ్చు. చూపు మసకబారుతుంది. ఒత్తిడి ఎక్కువైతే ఎంత నష్టమో మరీ తక్కువైనా అంతే!

రెండోది ఇంకా భయపెట్టేది. లోపలి నీరు బయటికి వచ్చే దారి ఉంటే బయటి సూక్ష్మక్రిములు లోపలికి పోయే దారీ ఉన్నట్టే. లీకు ఉన్న కంటికి ఇన్‌ఫెక్షన్ ముప్పు లేని కంటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ముందు బుడగ చుట్టూ ఎర్రబడుతుంది. అది తెల్లగా, చీము పట్టినట్టు మారుతుంది. అక్కడే పట్టుకోకపోతే ఇన్‌ఫెక్షన్ కంటి లోపలంతా పాకుతుంది. దాన్ని ఎండాఫ్తల్మైటిస్ అంటారు. అప్పుడు రోజులు కాదు, గంటలే లెక్క. ఏళ్ల తరబడి కాపాడుకుంటూ వచ్చిన చూపు రెండు మూడు రోజుల్లో పోవచ్చు.

పచ్చగా మెరిసే పోలీసు

సూదిమొనంత చిల్లును కనిపెట్టడం ఎలా? దీనికో తేలికైన పరీక్ష ఉంది. జర్మన్ కంటి వైద్యుడు ఎరిక్ సైడెల్ పేరుతో దాన్ని సైడెల్ పరీక్ష అంటారు. ఫ్లోరెసిన్ అనే నారింజరంగు మందు అద్దిన చిన్న కాగితపు పట్టీని బుడగ మీద తాకిస్తారు. తర్వాత స్లిట్ ల్యాంప్ ముందు కూర్చోబెట్టి నీలిరంగు వెలుతురులో చూస్తారు. రంగు చిక్కగా ఉన్నంతసేపూ ముదురుగా కనిపిస్తుంది. చిల్లు ఉంటే అక్కణ్నుంచి వచ్చే నీరు ఆ రంగును పలచన చేస్తుంది. పలచబడిన రంగు నీలి వెలుతురులో పచ్చగా మెరుస్తుంది. నల్లటి కొండ మీంచి సన్నటి జలపాతం జారినట్టు పచ్చటి ధార కిందికి పారుతుంది. దొంగ దొరికాడు! పరీక్షకు పట్టేది నిమిషం. దీనికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. ఓ పట్టీ, నీలి వెలుతురు, ఓపికున్న కళ్లు... చాలు.

కొందరిలో ఒకేచోట ధారలా కాకుండా బుడగంతా చెమట పట్టినట్టు తడి ఊరుతుంది. ఈ తేడా తెలుసుకోవడం ముఖ్యం. ఎందుకంటే ఒకచోట చిల్లు ఉంటే అతికించొచ్చు. అంతా చెమర్చుతుంటే ఎక్కడని అతికిస్తారు?

ముందు ఓపిక... తర్వాత జిగురు

లీకు కనిపించగానే జిగురు డబ్బా తీయరు. చిన్నదైతే ముందు దానంతటది మానే అవకాశం ఇస్తారు. ఇన్‌ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్ చుక్కలు వేస్తారు. మానడాన్ని ఆలస్యం చేసే స్టెరాయిడ్ చుక్కలు వాడుతుంటే తగ్గిస్తారు. కంటి మీద పెద్ద సైజు కాంటాక్ట్ లెన్స్‌ను కట్టులా అమరుస్తారు. దీన్ని బాండేజ్ లెన్స్ అంటారు. రెప్ప ఆడినప్పుడల్లా చిల్లు రాచుకుపోకుండా అది అడ్డంగా ఉంటుంది.

ఇక్కడే రోగుల్ని తికమకపెట్టే మరో సంగతి ఉంది. కంటి ఒత్తిడి అసలే పడిపోయి ఉంటుంది. అయినా ఒత్తిడి తగ్గించే మందే మళ్లీ రాస్తారు! పొరపాటేం కాదు. ఆ మందు లోపల నీరు తయారవడాన్ని తగ్గిస్తుంది. పైపు పగిలినప్పుడు ముందు వాల్వు తిప్పి ప్రవాహం తగ్గిస్తాం కదా... అలాగే. ధార తగ్గితే పొర అతుక్కోవడానికి వీలుంటుంది.

ఇవేవీ పనిచేయకపోతే తర్వాతి మెట్టు జిగురు. ఉక్కు కర్మాగారంలో పనిచేసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పైపు లైనులో చిన్న లీకు వస్తే వెంటనే ప్లాంటు ఆపి పైపు మార్చరు. ముందు క్లాంప్ బిగించి నడిపిస్తారు. అది నిలిస్తే సరి. లేదంటే షట్‌డౌన్ ఎలాగూ తప్పదు. కంటి జిగురు కూడా అలాంటి క్లాంపే. రోగిని మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కించకుండా ఓ ప్రయత్నం.

తుపాకీ నుంచి కంటి దాకా

ఈ జిగురుది ఓ విచిత్రమైన కథ. 1942లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో హ్యారీ కూవర్ అనే రసాయన శాస్త్రవేత్త తుపాకుల గురిచూసే అద్దాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్‌ను తయారుచేసే పనిలో ఉన్నారు. అప్పుడు సైనోఎక్రిలేట్ అనే పదార్థం ఆయన చేతికి చిక్కింది. చిక్కడమంటే మామూలుగా కాదు, ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుపోయింది! పనికిరాదని పక్కన పడేశారు. తొమ్మిదేళ్ల తర్వాత 1951లో అదే పదార్థం మళ్లీ ఎదురైతే గానీ దాని విలువ తెలిసిరాలేదు. 1958లో మార్కెట్లోకి వచ్చింది. ఇంట్లో విరిగిన ప్లాస్టిక్ బొమ్మల్ని చిటికెలో అతికించే జిగుర్లన్నీ ఈ కుటుంబానివే. వియత్నాం యుద్ధంలో గాయపడిన సైనికుల రక్తస్రావాన్ని ఆపడానికీ దీన్ని వాడారు.

కంటి దగ్గరికి రావడానికి మరో పదేళ్లు పట్టింది. 1968లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు చిల్లుపడిన నల్లగుడ్డును ఈ జిగురుతో మూయొచ్చని చూపించారు. చిత్రమేంటంటే, కెయిర్న్స్ తన ట్రాబెక్యులెక్టమీ గురించి ప్రపంచానికి చెప్పిందీ ఆ ఏడాదే. కంటికి కొత్త తూము పెట్టే పద్ధతీ, కంటి చిల్లు మూసే పద్ధతీ ఒకే ఏడాది వెలుగుచూశాయన్నమాట!

బజారులో దొరికే జిగురునే కంట్లో వేస్తారనుకోవద్దు. రసాయన కుటుంబం ఒకటే అయినా అణువుల నిర్మాణంలో తేడా ఉంటుంది. చిన్న గొలుసులున్న రకాలు త్వరగా విడిపోయి కణజాలానికి హాని చేస్తాయి. వైద్యానికి బ్యూటైల్, ఐసోఎమైల్, ఆక్టైల్ లాంటి పెద్ద గొలుసుల రకాల్ని శుద్ధిచేసి, క్రిములు లేకుండా చిన్న ఆంప్యూళ్లలో నింపుతారు. మన దేశంలోని కంటి వైద్యులు వాడుతూ వచ్చిన ఐసోఎమైల్ రకం ఒకటి తయారైంది మన హైదరాబాద్‌లోనే, కాంకార్డ్ డ్రగ్స్ సంస్థలో.

తెలుగునేల మీద కంటి జిగురుకు ఇంకో చరిత్ర ఉంది. పొలాల్లో వరికంకి తగిలో, గడ్డిపరక గుచ్చుకునో కంట్లో ఫంగస్ పుండ్లు రావడం మన దగ్గర మామూలే. అవి ముదిరితే నల్లగుడ్డుకు చిల్లు పడుతుంది. అలాంటి కళ్లకు ఈ జిగురు వాడిన అనుభవాన్ని ఎల్.వి.ప్రసాద్ సంస్థ వైద్యులు ప్రశాంత్ గర్గ్, గుళ్లపల్లి నాగేశ్వరరావు తదితరులు 2003లో అంతర్జాతీయ వైద్యపత్రికలో ప్రచురించారు. నల్లగుడ్డు చిల్లు మూయడంలో సంపాదించిన ఇలాంటి నైపుణ్యమే నీటికాసుల లీకులకూ పనికొస్తుంది.

చుక్కలో సగం... అదే కొలత!

మరి జిగురు ఎలా వేస్తారు? మత్తు ఇంజెక్షన్ అక్కర్లేదు. చుక్కల మందుతో కంటిని తిమ్మిరెక్కిస్తారు. రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్పు పెడతారు. మైక్రోస్కోప్ కింద చిల్లును చూస్తూ చుట్టూ ఉన్న తడిని ప్రత్యేకమైన స్పాంజితో అద్ది తీసేస్తారు. ఇదే అన్నిటికన్నా కష్టమైన పని. ఎందుకంటే అక్కడ నీరు ఊరుతూనే ఉంటుంది. తడి మీద వేస్తే జిగురు పట్టుకోదు. పొర అంచున వదులుగా ఉన్న కణాల్ని కూడా గీరి తీసేస్తారు.

తర్వాత సన్నటి సూదిమొనతో చుక్కలో సగం కూడా లేనంత జిగురు వేస్తారు. కొందరు ఇంకో చిట్కా వాడతారు. క్రిములు లేని ప్లాస్టిక్ పొర నుంచి మూడు మిల్లీమీటర్ల చిన్న బిళ్ల కత్తిరించి, దానికి జిగురు రాసి, సైకిలు ట్యూబుకు ప్యాచ్ వేసినట్టు చిల్లు మీద అద్దుతారు. చుట్టూ ఉన్న కొద్దిపాటి చెమ్మ తగలగానే సెకన్లలో గట్టిపడిపోతుంది. ఎండిన జిగురు గరుకుగా ఉంటుంది. రెప్ప ఆడితే ఇసుక రేణువులా గుచ్చుకుంటుంది. అందుకే దానిమీద బాండేజ్ లెన్స్ పెడతారు. మళ్లీ రంగు పట్టీతో సైడెల్ పరీక్ష చేస్తారు. పచ్చటి ధార లేదంటే... లీకు ఆగినట్టే!

జిగురు శాశ్వతం కాదు. అలా ఉండాల్సిన అవసరమూ లేదు. దాని నీడలో కింది పొర మెల్లగా పెరిగి చిల్లును పూడుస్తుంది. పని అయిపోయాక కొద్దిరోజులకో, వారాలకో జిగురు పెచ్చులా దానంతటది ఊడిపోతుంది. గాయం మీది పొక్కు రాలినట్టు. తొందరపడి గిల్లితే మాత్రం కొత్తపొర కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. ఒక్కోసారి పొర మానకముందే జిగురు ఊడిపోవచ్చు. అప్పుడు మళ్లీ వేయాల్సి ఉంటుంది.

రక్తం నేర్పిన అతుకు

ఇంకో రకం జిగురు కూడా ఉంది. దాని పేరు ఫైబ్రిన్. వేలు తెగితే రక్తం గడ్డకట్టి ఆగుతుంది కదా... ఆ చివరి అంకాన్నే సీసాల్లో పెట్టారన్నమాట. ఒకదాన్లో ఫైబ్రినోజన్, ఇంకోదాన్లో త్రాంబిన్. రెండూ కలిసిన క్షణాల్లో మెత్తటి వలలా అల్లుకుని అతికిస్తాయి. గరుకు ఉండదు, గుచ్చుకోదు. కొద్దిరోజుల్లో శరీరమే కరిగించేసుకుంటుంది.

విశాఖ లాంటి తీరప్రాంతాల్లో ఎండలో ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లకు కంట్లో కండ పెరగడం మామూలే. దాన్ని టెరీజియం అంటారు. కండ తీసేసి, ఆ చోట కంటిలోంచే తీసిన పొరను కుట్లు లేకుండా ఫైబ్రిన్‌తో అతికించడం చాలాచోట్ల చేస్తున్నారు. నీటికాసుల ఆపరేషన్ లీకులకూ ఈ జిగురును వాడుతున్నారు. ముఖ్యంగా కుట్లకు తోడుగా. దీనికీ పరిమితులున్నాయి. ఖరీదు ఎక్కువ. మనిషి రక్తంలోని ప్లాస్మా నుంచి తయారవుతుంది కాబట్టి వైరస్‌లు లేకుండా కట్టుదిట్టంగా శుద్ధి చేయాలి. నీరు వేగంగా పారేచోట సైనోఎక్రిలేట్ అంత గట్టిగా నిలవదు.

అన్నిటికీ అతుకు పడదు

జిగురు మంత్రం కాదు. చిల్లు చిన్నదై, ఒకేచోట ఉండి, చుట్టూ పొర కాస్త బలంగా ఉంటే నిలుస్తుంది. పెద్ద చిల్లుకూ, ఉల్లిపొరలా పలచబడి అంతా చెమర్చే బుడగకూ పనికిరాదు. ఇన్‌ఫెక్షన్ ఉంటే ముందు దాని సంగతి చూడాలి. చీము పట్టినచోట మూత వేసి కూర్చుంటే లోపల నిప్పు రాజుకున్నట్టే.

అలాంటప్పుడు ఆపరేషనే మార్గం. పలచబడిన పాతపొరను తీసేసి, వెనకున్న మంచిపొరను ముందుకు లాగి కుడతారు. అవసరమైతే వేరేచోటి నుంచి పొర తెచ్చి అతుకు వేస్తారు. ఏళ్ల తర్వాత వచ్చే లీకులకు ఇదే ఎక్కువకాలం నిలిచే పరిష్కారం. మరి జిగురెందుకు? వయసు మీదపడిన వాళ్లు, గుండెజబ్బో షుగరో ఉండి మరో ఆపరేషన్‌కు సిద్ధంగా లేనివాళ్లు, ఆ ఒక్క కంటితోనే లోకాన్ని చూస్తున్నవాళ్లు ఉంటారు. వాళ్ల కంటిని మళ్లీ కోసేముందు ఓ అవకాశం... అదే జిగురు. ఆపరేషన్ తప్పకపోయినా అప్పటిదాకా కన్ను పూర్తిగా చప్పబడకుండా కాపాడుతుంది.

ఇంట్లో వైద్యం వద్దు

'జిగురే కదా, మన దగ్గరా ఉంది' అనుకునేవాళ్లు ఉండరని చెప్పలేం. అస్సలు వద్దు! కిరాణాకొట్లో దొరికే ఇన్‌స్టంట్ జిగురు కంటికి శత్రువు. కంటి చుక్కల సీసా అనుకుని పొరపాటున ఆ ట్యూబు కంట్లో పిండుకున్న సంఘటనలు దేశదేశాల వైద్యపత్రికల్లో నమోదయ్యాయి. రెప్పలు అతుక్కుపోతాయి. నల్లగుడ్డు పైపొర గీరుకుపోతుంది. అలా జరిగితే రెప్పల్ని బలవంతంగా లాగకూడదు. శుభ్రమైన నీళ్లతో కడుగుతూ వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మందుల పెట్టెలో జిగురు ట్యూబు ఉంచకపోవడమే అసలైన జాగ్రత్త.

రైలెక్కి వచ్చే కళ్లు

విశాఖ ఉత్తరాంధ్రకంతటికీ ఆస్పత్రి. ఇచ్ఛాపురం, పలాసల నుంచి రైలెక్కి వస్తారు. అరకు, పాడేరు మన్యం నుంచి ఘాట్‌రోడ్డు దిగి వస్తారు. కిరండూల్ రైల్లో ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచీ వస్తారు. కంటికోసమైతే పెదవాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉంది. హనుమంతవాక దగ్గర 2006లో మొదలైన ఎల్.వి.ప్రసాద్ సంస్థ జీఎంఆర్ వరలక్ష్మి ప్రాంగణం ఉంది. డబ్బు కట్టలేని వాళ్లకు ఉచితంగా వైద్యం చేయడం ఆ సంస్థ మొదటి నుంచీ పాటిస్తున్న పద్ధతి. ఇవి కాక ధర్మాసుపత్రులూ, ప్రైవేటు ఆస్పత్రులూ ఉన్నాయి. ఆపరేషన్ చేసే చేతులకు కొదవలేదు.

కొదవల్లా తర్వాతే. శుక్లం ఆపరేషన్ అయిపోయాక కొన్నాళ్లకు డాక్టరును మర్చిపోవచ్చు. నీటికాసుల ఆపరేషన్ అలాంటిది కాదు. ఆ బుడగ కంట్లో ఉన్నన్నాళ్లూ లీకు అయ్యే అవకాశం, ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం ఉంటూనే ఉంటాయి. కానీ నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం, తోడు రావాల్సిన కొడుక్కి ఓ రోజు కూలి పోవడం, 'బాగానే కనిపిస్తోందిగా' అన్న ధీమా... ఇవన్నీ కలిసి చెకప్పును వాయిదా వేయిస్తాయి. చెకప్పులోనే బయటపడాల్సిన సూదిమొన చిల్లు చీము పట్టాక గానీ తెలీదు. అప్పుడు ఎంత గొప్ప జిగురైనా చేసేదేం లేదు.

అందుకే ఊరికి దగ్గర్లో ఉండే చిన్న కంటి పరీక్షా కేంద్రాలు ఇక్కడ చాలా విలువైనవి. లీకును అతికించడం అక్కడ కుదరకపోవచ్చు. కానీ అక్కడివాళ్లు రంగు పట్టీ పెట్టి, పచ్చటి ధార చూసి 'ఇవాళే విశాఖ వెళ్లండి' అని చెప్పగలిగితే చాలు. ఆ ఒక్క మాట కన్నును నిలబెడుతుంది.

గుర్తుంచుకోండి!

• నీటికాసుల ఆపరేషన్ అయిన కంట్లోంచి కారణం లేకుండా నీరు కారుతుంటే, ముఖ్యంగా పొద్దున దిండు తడిగా ఉంటే ఆలస్యం చేయొద్దు. డాక్టరుకు చూపించండి.

• కన్ను ఎర్రబడటం, నొప్పి, పుసి, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గడం... వీటిలో ఏది కనిపించినా అదేరోజు ఆస్పత్రికి వెళ్లాలి. 'రేపు చూద్దాం' అనుకోవద్దు.

• కన్ను నలపొద్దు. దుమ్ములో తిరిగేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. చెరువు స్నానాలు, సముద్ర స్నానాలు, ఈత గురించి ముందుగా డాక్టరును అడగండి.

• మందుల దుకాణంలో సొంతంగా చుక్కల మందులు కొని వేసుకోవద్దు. ఇంట్లో మిగిలిన పాతసీసాలు అసలే వద్దు.

• జిగురు వేయించుకున్నాక బాండేజ్ లెన్స్‌ను మీరే తీయొద్దు. అది జారిపోయినా, కంట్లో పెచ్చు ఊడినట్టు అనిపించినా వెళ్లి చూపించుకోండి.

• ఎక్కడ, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా 'నాకు నీటికాసుల ఆపరేషన్ అయింది' అని మొదటే చెప్పండి. ఆ కాగితాలు జాగ్రత్తగా దాచుకోండి.

• నీటికాసులున్నవారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు నలభై దాటగానే కంటి ఒత్తిడి, దృష్టినాడి పరీక్షలు చేయించుకోవడం మంచిది. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు.

మళ్లీ మన పెద్దాయన దగ్గరికొద్దాం. ఆయన భార్య ఊరుకోలేదనుకోండి. 'మళ్లీ తడిసిందండీ' అని మర్నాడు పొద్దున దిండు చూపించి ఆటో ఎక్కించిందనుకోండి. నీలి వెలుతురులో పచ్చటి ధార కనిపించింది. కొన్ని రోజులు చుక్కలు, లెన్స్‌తో చూశారు. ఆగలేదు. ఓ ఉదయం పావుగంట పనితో జిగురు చుక్క పెట్టారు. రెండు వారాల తర్వాత అది రాలిపోయింది. అప్పటికి కింది పొర మానింది.

ఆయన కంటిని అతికించింది జిగురే. కానీ కాపాడింది మాత్రం... తడిసిన దిండును చూసి తేలిగ్గా తీసుకోని ఆ ఇల్లాలి చూపు!